మరి బ్యాగులు ఎవరు చూస్తారు?

"ఫ్యామిలీ టూర్" అన్న మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మనాలికి ఫ్యామిలీ అంతా వెళ్తుంది, నిజమే. కానీ సోలాంగ్ లోయలో పారాగ్లైడింగ్ చేసేది నాన్న. మంచు మీద జారేది పిల్లలు. బియాస్ నదిలో రాఫ్టింగ్‌కి వెళ్ళేది నాన్నా పిల్లలూ కలిసి. అమ్మ ఒడ్డున కూర్చుని నాలుగు బ్యాగులకూ, మూడు జతల చెప్పులకూ, అందరి ఫోన్లకూ కాపలా కాస్తుంది. రాత్రి హోటల్ గదిలో, ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళిన చిన్న రైస్ కుక్కర్‌లో అన్నం వండి ఆవకాయా కందిపొడీ వడ్డిస్తుంది. ఇంటికొచ్చాక వారం రోజులు స్వెట్టర్లు ఉతుకుతుంది. దీన్ని విహారం అంటే, బీఏలో నేను చదువుకున్న తెలుగు ఒప్పుకోదు.

అసలు కిటుకంతా టికెట్ కౌంటర్ దగ్గరే ఉంది. "మూడు చాలు, మీ అమ్మ భయపడుతుంది" అని మన భయాన్ని మనకంటే ముందే ఎవరో ప్రకటిస్తారు. మనల్ని అడిగినవాళ్ళు లేరు. అడిగితే చెప్పే కారణాలు మాత్రం మూడు: వయసు, ఒళ్ళు, డబ్బు.

వయసు సంగతి ముందు చూద్దాం. 1838లో ఫ్రాన్స్ దేశపు హెన్రియెట్ దాంజెవిల్ ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన మోఁ బ్లాఁ శిఖరం ఎక్కింది. అప్పటికి ఆవిడకి 44 ఏళ్ళు. 1975లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి మహిళ, జపాన్‌కి చెందిన జుంకో తాబేయి, ఇంటి దగ్గర చిన్న కూతుర్ని వదిలి వెళ్ళిన తల్లి. మన దేశం నుంచి 1984లో ఎవరెస్ట్ ఎక్కిన తొలి మహిళ బచేంద్రీ పాల్, 2022లో యాభై దాటిన ఆడవాళ్ళని వెంటబెట్టుకుని అరుణాచల్ ప్రదేశ్ నుంచి లడఖ్ దాకా హిమాలయాల వెంబడి దాదాపు ఐదు నెలలు నడిచింది. నలభైలో ఉన్న మనల్ని బెంచీ మీద కూర్చోబెట్టేది వయసు కాదు, అలవాటు.

ఇక ఒళ్ళు. పొద్దున్నే వచ్చి మా నయాపూల్ మీద ఒక్క పావుగంట నిలబడండి. ఉస్మానియా ఆసుపత్రికి క్యారియర్లు మోసుకెళ్ళే ఆడవాళ్ళు, బేగంబజార్‌లో నెల సరుకులు కొని రెండు చేతులా సంచులతో బస్సు వెంట పరిగెత్తే ఆడవాళ్ళు కనిపిస్తారు. వీళ్ళెవరి మోకాళ్ళనూ ఎవరూ ఏమీ అడగరు. బరువు మోసేటప్పుడు గట్టిగా ఉన్న మోకాళ్ళు, సరదాగా కొండెక్కుతానంటే మాత్రం బలహీనమైపోతాయా? గుండె జబ్బో, ఆయాసమో, బీపీయో ఉంటే డాక్టర్‌ని అడగాల్సిందే. రోహ్తాంగ్ కనుమ దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తు, ఆటలు కాదు. కానీ ఆ నియమం బీపీ మాత్ర వేసుకునే మగవాళ్ళకీ వర్తిస్తుంది. వాళ్ళని మాత్రం ఎవరూ బ్యాగుల దగ్గర కూర్చోమనరు.

డబ్బంటారా, కొండ కావాలంటే మనాలికే వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్‌కి యాభై కిలోమీటర్ల దూరంలో భువనగిరి కోట ఉంది. ఒకే రాతి గుట్ట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ రాళ్ళెక్కడం మొదలుపెట్టింది అక్కడే. వ్యవసాయ కూలీల కూతురు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ మీద నిలబడింది. మనమంతా టీవీల ముందు చప్పట్లు కొట్టాం. కూతురు ఎక్కితే చప్పట్లు కొట్టే ఇల్లు, తల్లి ఎక్కుతానంటే ఎందుకు నవ్వుతుంది?

ఇంకో మాట. కొండలంటే మే నెల ఒక్కటే అనుకుంటాం, బడి సెలవులు అప్పుడే గనక. పిల్లలు పెద్దవాళ్ళైన మనకి ఆ లెక్క దేనికి? వానల్లో వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలో నడవొచ్చు. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఉత్తరాఖండ్‌లో పూల లోయ తెరిచి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడ పూలే పూలు. మంచు కావాలంటే చలికాలంలో సోలాంగ్. వానాకాలంలో బియాస్‌లో రాఫ్టింగ్ ఆపేస్తారు, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు. నలుగురు స్నేహితురాళ్ళు కలిస్తే ఎవరి సెలవు కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

"నాకు ఒడ్డున కూర్చోవడమే ఇష్టం" అనే అక్కలూ ఉన్నారు. హాయిగా కూర్చోండి, ఎవరూ తప్పు పట్టరు. కానీ అది మీరు ఎంచుకున్న కుర్చీ అయ్యుండాలి, మీకు కేటాయించిన కుర్చీ కాకూడదు. ఎందుకంటే పక్కన పదిహేనేళ్ళ కూతురు చూస్తోంది. పెళ్ళయ్యాక ఆడదాని పని బ్యాగుల కాపలా అని ఆ పిల్లకి ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, ప్రతి టూర్‌లోనూ కళ్ళారా చూసి నేర్చుకుంటుంది. కొడుకూ చూస్తున్నాడు. రేపు వాడూ మూడు టికెట్లే కొంటాడు.

కాబట్టి ఈసారి రైస్ కుక్కర్ ఇంట్లోనే ఉంచండి. నెల ముందు నుంచి రోజూ కాస్త దూరం నడవండి, మంచి బూట్లు కొనుక్కోండి. కౌంటర్ దగ్గర "మూడు" అని వినపడగానే "నాలుగు" అనండి. మరి బ్యాగులు ఎవరు చూస్తారని అడుగుతారు. వంతులు వేసుకుందాం అనండి. మొదటి వంతు ఆయనది.