పరుగుకు ముందు రాత్రి నిద్ర పట్టకపోతే అవిశ్వాసమా?

2022 డిసెంబరులో తెలంగాణలో పోలీసు ఉద్యోగాలకు ఈవెంట్స్ జరుగుతున్న రోజులవి. తెల్లవారుజామునే గ్రౌండ్ దగ్గర ఉండాలి గనుక మా పరిచర్యలోని పల్లెల నుంచి అయిదుగురు యువకులు ముందురోజు సాయంత్రమే వచ్చి మందిరంలో దిగారు. భోజనం పెట్టి, చాపలు, దుప్పట్లు ఇచ్చి, తొమ్మిదింటికల్లా ప్రార్థన ముగించి లైట్లు ఆర్పేశాం. రాత్రి రెండు గంటలప్పుడు చూడబోతే నలుగురు గాఢనిద్రలో ఉన్నారు. ఒకడు మాత్రం గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

‘‘ఏం బాబూ, పడుకోలేదా?’’ అని అడిగాం.

‘‘నిద్ర పట్టడం లేదు అయ్యగారూ. చెరసాలలో సంకెళ్ల మధ్య కూడా పేతురు నిద్రపోయాడని మొన్న ఆదివారం మీరే చెప్పారు కదా! నాకు ఆపాటి విశ్వాసం కూడా లేదేమో. ఇక పొద్దున దేవుడు నాకెందుకు సాయం చేస్తాడు?’’ అన్నాడతను.

ఆ మాట మమ్మల్ని కలచివేసింది. ఆ రాత్రి అతని గుండె మీద అప్పటికే చాలా బరువుంది. అప్పటి నిబంధనల ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలి. ఒక్క సెకను దాటినా అంతే! కోచింగ్ కోసం తల్లి తీసుకున్న డ్వాక్రా అప్పు, దగ్గర పడుతున్న వయోపరిమితి, ఊళ్లో ఎదురుచూసే కళ్లు అన్నీ అతనితోపాటు ఆ చాప మీదే ఉన్నాయి. వాటి మీద మా ప్రసంగం మరో రాయి పెట్టింది. నిద్ర పట్టనివాడికి విశ్వాసం లేనట్టేనన్న అర్థం వచ్చేలా మాట్లాడింది మేమే.

నిజానికి బైబిల్ అలా చెబుతోందా? పేతురు ఒక్కసారి కాదు, రెండు సందర్భాల్లో నిద్రపోయాడు. హేరోదు తనను మరునాడు బయటకు రప్పించబోతుండగా, ఇద్దరు సైనికుల మధ్య నిద్రించాడు (అపొ.కా. 12:6). అది దేవుని మీద భారం వేసిన నిద్ర. అంతకుముందు గెత్సేమనే తోటలోనూ నిద్రపోయాడు. ప్రభువు మెలకువగా ఉండమని అడిగినా అతని కళ్లు మూతపడ్డాయి (మార్కు 14:37). ఆ నిద్రను విశ్వాసమని ఎవరంటారు? ఆ రాత్రి తోటలో నిద్ర లేకుండా ఉన్నది యేసుప్రభువే. తన ముందున్న పందెం ఎంత కఠినమైనదో ఆయనకు తెలుసు. ఆందోళనతో, చెమటతో, కన్నీటితో ఆయన ఆ రాత్రిని గడిపాడు. అది అవిశ్వాసమా? కాదు కదా! పడవలో తుఫాను మధ్య నిద్రపోయిన ప్రభువే తోటలో నిద్రపోలేకపోయాడు. రెండు చోట్లా ఆయన తండ్రి చేతుల్లోనే ఉన్నాడు. కాబట్టి నిద్రతో విశ్వాసాన్ని కొలవడం మనం మానుకోవాలి.

పరుగు గురించి బైబిల్‌లో పౌలు అంతగా మాట్లాడినవారు అరుదు. కొరింథు పట్టణానికి సమీపంలో రెండేళ్లకోసారి ఇస్త్‌మియన్ క్రీడలు జరిగేవి. ఆ పట్టణంలో ఏడాదిన్నర ఉన్న పౌలు, పందెంలో పరుగెత్తేవారిని, వాళ్ల మితాహార నియమాలను, వాడిపోయే కిరీటాన్ని ప్రస్తావిస్తూ కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 9:24, 25). అదే కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో తన శ్రమల జాబితా ఇస్తూ ఆకలిదప్పులు, చలి వంటివాటి మధ్య నిద్రలేని రాత్రులను కూడా చేర్చాడు (2 కొరింథీ 11:27). వాటి గురించి సిగ్గుపడలేదు, క్షమాపణ అడగలేదు. ఆ వెంటనే సంఘాలన్నిటి గురించిన చింత తనను రోజూ ఒత్తిడి చేస్తోందన్నాడు. చింతే లేనివాడు కాదు పౌలు, చింతతోనే ప్రభువు దగ్గరికి వెళ్లినవాడు.

మరి అలాంటి రాత్రి ఏం చేయాలి? దానికి ఏలీయా జీవితం చక్కని జవాబు. కర్మెలు నుంచి యెజ్రెయేలు వరకు అహాబు రథానికి ముందుగా పరిగెత్తినవాడు ఏలీయా. ఆ తర్వాత యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఇక చావే మేలనుకుని బదరీవృక్షం కింద పడిపోయాడు. దేవుడు అతనికి ఉపన్యాసమివ్వలేదు, విశ్వాసమేదని నిలదీయలేదు. పడుకోనిచ్చాడు. దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు (1 రాజులు 19:5-8). మన శరీరం మట్టిదని దేవునికి మనకన్నా బాగా తెలుసు.

అందుకే ఆ యువకునితో మేము చెప్పిన మాటలు చాలా మామూలువి. ‘‘బాబూ, ఒక్క రాత్రి నిద్ర తగ్గినంత మాత్రాన ఎనిమిది నెలల సాధన ఎక్కడికీ పోదు. పరుగు కొంచెం భారంగా అనిపించవచ్చు, అంతే. నిద్రపోవాలని పట్టుబడితే అది ఇంకా దూరమవుతుంది. కళ్లు మూసుకుని ఊరికే పడుకో, శరీరానికి అదీ విశ్రాంతే. గడియారం చూడకు, ఫోను ఇటివ్వు, అలారం మేము చూసుకుంటాం’’ అన్నాం. ప్రార్థన కూడా రెండు వాక్యాల్లో ముగించాం. అతను పడుకున్నాడు. నిద్ర పట్టిందో లేదో తెలియదు గానీ ఊపిరి మాత్రం నెమ్మదించింది.

పరుగుకు సిద్ధమయ్యే మన పిల్లలకు ముందే చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. చివరి రాత్రి నిద్ర పట్టకపోవచ్చు గనుక, ఆ ముందు వారమంతా వేళకు పడుకోవాలి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానాలి. నిద్రమాత్రలు ఎవరో ఇచ్చారని ఆ రాత్రి మింగకూడదు, మర్నాడు మత్తు వదలక పరుగే దెబ్బతింటుంది. అలసట పోతుందని చెప్పే మందులు, ఇంజెక్షన్ల జోలికి అసలే వెళ్లకూడదు.

సంఘానికి కూడా చెప్పవలసింది ఉంది. ఉద్దేశం మంచిదే అయినా, పరీక్షకో పరుగుకో వెళ్లే బిడ్డను ముందు రాత్రి ఆల్‌నైట్ ప్రార్థనలో కూర్చోబెట్టడం తగదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ‘ఉద్యోగం నీదే, దేవుడు నాకు చూపించాడు’ అనడం అంతకన్నా తగదు. ఆ మాట నెరవేరకపోతే ఆ బిడ్డ ఉద్యోగంతోపాటు దేవుణ్ణి కూడా పోగొట్టుకున్నాననుకుంటాడు. అపొస్తలుల కార్యాలు 12వ అధ్యాయాన్ని మళ్లీ చదవండి. పేతురు నిద్రపోయిన ఆ రాత్రి మరియ ఇంట్లో సంఘం మేల్కొని ప్రార్థిస్తోంది. మేము ఆ ఆదివారం పేతురు నిద్రను చెప్పి, సంఘం జాగరణను చెప్పకుండా వదిలేశాం. పరిగెత్తేవాడు పడుకోవాలి, ప్రేమించేవాళ్లు మేల్కోవాలి. ఆ క్రమాన్ని మనం తలకిందులు చేశాం.

మర్నాడు ఆ అయిదుగురూ పరిగెత్తారు. కూర్చుని తెల్లవారుతుందేమోనని భయపడిన ఆ యువకుడు కొద్ది సెకన్ల తేడాతో గట్టెక్కాడు. రాత్రంతా గుర్రుపెట్టి నిద్రపోయిన వారిలో ఒకడు అర్హత కోల్పోయాడు. అతనిది అవిశ్వాసమనీ, ఇతనిది గొప్ప విశ్వాసమనీ అనగలమా? మధ్యాహ్నం అయిదుగురూ మందిరానికి తిరిగొచ్చారు. ఓడిన కుర్రాడు గుమ్మం దగ్గరే ఆగిపోతే, గెలిచినవాడే వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. అందరికీ ఒకే పంక్తిలో అన్నం వడ్డించాం. సంఘం ఆ పిల్లలకు ఇవ్వగలిగిన గొప్ప భరోసా అదే. గెలిచినా ఓడినా తనకు ఇక్కడ చోటుందని తెలిసిన బిడ్డకు రాత్రి భయం సగం తగ్గుతుంది.

నిద్ర దేవుడిచ్చే వరం. అది వచ్చిన రాత్రి కృతజ్ఞతతో స్వీకరిద్దాం. రాని రాత్రి మనల్ని మనం నిందించుకోకుండా ఆయన చేతుల్లో ఊరికే పడుకుందాం. మనకు నిద్ర పట్టినా పట్టకపోయినా, మనల్ని కాపాడేవానికి కునుకుపాటు లేదని 121వ కీర్తన సాక్ష్యమిస్తోంది. మన పందెం మన నిద్ర మీద కాదు, ఆయన మెలకువ మీద ఆధారపడి ఉంది.