నిమిషంలో తేలే పరీక్ష: కోదాడ ప్రాంత మహిళలకు, వారి ఇంటివారికి విజ్ఞప్తి

కోదాడ పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు దాటిన ప్రతి అక్కకూ, చెల్లెకూ, అమ్మకూ ఈ మాట.

రంగు మార్పుతో క్యాన్సర్‌ను పట్టే బయోసెన్సర్ల గురించి తరచూ వింటున్నాం. 2019లో లండన్ ఇంపీరియల్ కాలేజీ, అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు అతి సూక్ష్మమైన బంగారు కణాలతో అలాంటిదొకటి తయారుచేశారు. పెద్దపేగు క్యాన్సర్ ఉన్న ఎలుకలకు దాన్ని ఎక్కించి, వాటి మూత్రంలో రసాయనం కలిపితే నీలిరంగు తేలింది. మంచి కబురే. అది మనుషులదాకా, మన ఊరిదాకా వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో! ఈలోగా గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టడానికి మనకు అందే రంగు పరీక్ష ఒకటుంది.

గర్భసంచి ముఖద్వారం మీద 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే పులుపే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతారు. కణాల్లో తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. శిక్షణ పొందిన నర్సు కంటితో చూసి చెప్పగలదు. కోత లేదు, మత్తు లేదు. తెల్లమచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ కాదు. మరో పరీక్షతో తేల్చుకోవాలి. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే ఈ జబ్బు ముదరడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. ముందే దొరికితే చెడిన భాగం వరకే తీసేస్తారు.

ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి దాదాపు లక్షన్నర మంది మహిళలతో జరిపిన అధ్యయనంలో, ఈ పరీక్ష అందించిన మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కారు, పదో తరగతి చదివి శిక్షణ పొందిన మహిళలు.

మన దగ్గరేమో క్యాన్సర్ వస్తుందన్న భయంతోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లున్నారు. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. పరీక్ష లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన 'ఆరోగ్య మహిళ' సేవల్లో ఈ క్యాన్సర్ పరీక్షను కూడా చేర్చారు. మీకు దగ్గర్లో ఎక్కడ, ఏ రోజు చేస్తారో ఆశా కార్యకర్తను అడగండి. యాభై దాటినవారికి ఈ పులుపు పరీక్షలో మార్పు సరిగ్గా కనబడకపోవచ్చు. వారు పాప్ లేదా హెచ్‌పీవీ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. ముట్లుడిగాక రక్తం కనబడినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్లలతో నెలలు గడపొద్దు.

అన్నలారా, "నొప్పి లేదు కదా, ఎందుకు పోవుడు?" అనకండి. నొప్పి మొదలయ్యేది జబ్బు ముదిరాకే. నాట్ల కూలి ఒక పూట పోయినా సరే, తోడు వెళ్లండి. మహిళా సంఘాల లీడర్లారా, వచ్చే మీటింగ్‌లో పొదుపు లెక్కల తర్వాత ఈ మాట ఎత్తండి. పదిమంది కలిసి ఒకే రోజు వెళ్తే సిగ్గూ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది. రైస్‌మిల్లుల యజమానులారా, పనికి వచ్చే ఆడవాళ్లకు ఆ పూట కూలి కోయకండి.