ఆ వంద గంటలు ఇప్పించేదెవరు?

అమెరికాలో మన సంఘాలు వీసాల మీద తీర్మానాలు చేస్తూనే ఉంటాయి. మంచిదే. కానీ వీసా వచ్చి, పని చేసుకునే అనుమతి కూడా చేతికొచ్చాక, చదువుకి తగ్గ దారి దొరక్క ఇంట్లో ఉండిపోయిన మన ఆడవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. 2015లో హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి పని చేసే వీలు కల్పించారు. అప్పుడు మనకి తెలిసిందల్లా టెస్టింగు కోర్సే. జంతుశాస్త్రం చదివినామెనీ, సైకాలజీ చదివినామెనీ అందులోకే తోశాం.

ఇంకో దారుంది. స్పీచ్-లాంగ్వేజ్ పేథాలజీ అసిస్టెంటు. మాట సరిగా రాని పిల్లలకీ, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలకీ చికిత్స చేసే పేథాలజిస్టు పర్యవేక్షణలో చేసే పని ఇది. పేథాలజిస్టు కావాలంటే మాస్టర్స్, 400 క్లినికల్ గంటలు, ఆపైన కనీసం 36 వారాల ఫెలోషిప్ ఉండాలి. అసిస్టెంటుకి అంత అక్కర్లేదు.

ఈ వృత్తికి జాతీయ సంఘమైన ఆషా 2020లో అసిస్టెంట్ల సర్టిఫికేషన్ మొదలుపెట్టింది. దానికి మూడు దారులు: అసిస్టెంటు ప్రోగ్రాం పూర్తి చెయ్యడం, ఈ శాస్త్రంలోనే బ్యాచిలర్స్ చేసి ఆషా ఆన్‌లైన్ పాఠాలు చదవడం, వేరే కాలేజీ డిగ్రీ ఉంటే అవసరమైన కోర్సులు అదనంగా చేసి ఆ పాఠాలు చదవడం. ఏ దారిన వెళ్ళినా వంద గంటల ఫీల్డ్‌వర్క్ తప్పదు. అందులో కనీసం 80 గంటలు నేరుగా పేషెంట్లతోనో, పిల్లలతోనో పని చెయ్యాలి. ఆ తర్వాత పరీక్ష రాయాలి.

ఇంత చేసినా రాష్ట్రం నిబంధనలు రాష్ట్రానివే. టెక్సాస్‌లో బ్యాచిలర్స్ కావాలి, 25 గంటల పరిశీలన, 25 గంటల సహాయక అనుభవం కావాలి. ఇంకో రాష్ట్రంలో లెక్క వేరు. పేథాలజిస్టులకి రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటి వచ్చింది గానీ అసిస్టెంట్లని అందులో చేర్చలేదు. భర్త ప్రాజెక్టు డాలస్ నుంచి ఇంకో రాష్ట్రానికి మారితే, ఈమె కాగితాలు మళ్ళీ మొదలు!

కొంతమంది ఆ గంటలు తగ్గించాలంటారు. నేను ఒప్పుకోను. పిల్లవాడి నోట మాట తెప్పించడం వీడియోలు చూసి వచ్చే విద్య కాదు. నిబంధన కష్టమైంది కాదు, అది పూర్తి చేసే చోటు దొరకడమే కష్టం. ఆషా సర్టిఫికెట్ ఉన్న పేథాలజిస్టు తన దగ్గర పెట్టుకుని నేర్పాలి. పరిచయాలు లేని కొత్తవాళ్ళని ఎవరు పెట్టుకుంటారు?

ఇందులో మన స్వార్థం కూడా ఉంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే మన పిల్లవాడు బస్‌ని "బస్సు" అంటాడు. అది యాస. జబ్బు కాదు. ఆ తేడా తెలియనివాళ్ళు మామూలు పిల్లవాడిని లోపమున్న పిల్లవాడిగా లెక్కగట్టవచ్చు. లేదా నిజమైన లోపాన్ని "ఇంట్లో రెండు భాషలు కదా" అని వదిలెయ్యవచ్చు. ప్రత్యేక విద్య కోసం పిల్లల్ని అంచనా వేసేటప్పుడు, వీలైనంతవరకు వాళ్ళ సొంత భాషలోనే వెయ్యాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. రోగనిర్ధారణ అసిస్టెంటు పని కాదు, నిజమే. కానీ పక్కన తెలుగు తెలిసినామె ఉంటే పేథాలజిస్టుకి ఈ విషయాలు చెప్పగలదు, అవసరమైతే దుబాసీగా నిలబడగలదు.

"ఎమ్మెస్సీ చదివి అసిస్టెంటా?" అని ముక్కు విరిచేవాళ్ళకి ఒక్క మాట. ఖాళీగా కూర్చోబెట్టడం ఏ హోదా?

సంఘాల పెద్దలు చెయ్యాల్సినవి మూడున్నాయి. మనలో ఉన్న పేథాలజిస్టుల జాబితా తయారుచేసి, ఏడాదికి ఒక్కొక్కరినైనా తీసుకోమని అడగండి. తెలుగు పిల్లలు ఎక్కువున్న స్కూల్ డిస్ట్రిక్టులకి వెళ్ళి ఫీల్డ్‌వర్క్ అవకాశాల కోసం మాట్లాడండి. అసిస్టెంట్లకీ రాష్ట్రాల మధ్య ఒప్పందం కావాలని మీ శాసనసభ్యులకి రాయండి.

మహాసభల్లో ఒక్క సినిమా తార విమానం టిక్కెట్టు ఖర్చు కూడా అవదు దీనికి. ఈసారి తీర్మానాల్లో దీనికీ ఒక వాక్యం చోటిస్తారా?