బైసికిలుపై వచ్చిన బోధకుడు

బైబిలు సంచి వెనుక కట్టుకొని, ఎండ యనక వాన యనక వందల మైళ్లు బైసికిలు త్రొక్కుచు ఊరూర క్రీస్తు సువార్త చెప్పువానిని చూచి కొందఱు మిత్రులు కఱ్ఱలెత్తుద మనుచున్నారు. ఇది ధర్మరక్షణమా, పిఱికితనమా?

1948 డిసెంబరు 6వ తేదీన రాజ్యాంగసభ ఈ విషయమునే చర్చించినది. మతప్రచార స్వేచ్ఛ వలదని లోకనాథ మిశ్రాగారును, ఉండవలెనని మున్షీగారును వాదించిరి. సభ దానిని నిలిపినది. అదియే నేటి 25వ అధికరణము. 1977లో సుప్రీంకోర్టు దానికి హద్దు గీచినది: తన మతతత్త్వమును వివరించుట హక్కు, పరుని తన మతములోనికి మార్చుట హక్కు కాదు.

బలాత్కారమును, ప్రలోభమును మేమును ఖండింతుము. కాని బైసికిలు వెనుకనున్న సంచిలో ప్రలోభమున కెంత చోటున్నది? వాని బలమెల్ల పిక్కలలోను, నోటిలోను ఉన్నది.

వాని మాట తప్పైనచో రచ్చబండకడ ప్రతివాదము చేయుడు. మన దేవతలను దూషించినచో చట్టము ఉండనే యున్నది. శంకరులు దేశమెల్ల కాలినడకను తిరిగి వాదమున గెలిచిరని చెప్పుకొను మనకు, వాదమునకు వచ్చినవానిని కొట్టుట తలవంపు కాదా? ప్రశ్నకు బదులు చెప్పలేని మతమును కఱ్ఱ కాపాడజాలదు. దాహమడిగినచో ముందు నీరిండు, పిదప వాదింపుడు.