వెట్‌సూట్ తొడిగి చూసే చోటేదీ?

బెంగళూరులో ఈత నేర్చినవారికి చన్నీళ్లు కొత్త కాదు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వేడిచేయని కొలనులో దిగితే పళ్లు టకటకలాడతాయి. కానీ ఆ చలి అరగంట వ్యవహారం. చేయి చాపితే గట్టు అందుతుంది, ఒడ్డున తువ్వాలు ఉంటుంది. జర్మనీలోని హాంబర్గ్‌కో, స్వీడన్‌లోని కాల్మార్‌కో ఈత, సైకిల్, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ పోటీకి వెళ్లేవారి పరిస్థితి వేరు. 3.8 కిలోమీటర్లు ఏకబిగిన ఈదాలి. పట్టుకోవడానికి గట్టు ఉండదు, కిందికి చూస్తే అడుగు కనిపించదు. అక్కడ చలిని ఆపే రబ్బరు దుస్తు వెట్‌సూట్. అది ఒంటికి సరిపోకపోతే ప్రమాదం తెచ్చిపెడుతుంది. అంత ముఖ్యమైన వస్తువును కొనేముందు నీళ్లలో తొడిగి చూసుకునే ఏర్పాటు మాత్రం ఈ నగరంలో అరుదు. దీన్ని ఈత క్లబ్బులే సరిదిద్దాలి.

సూట్ ఎవరికి అక్కర్లేదో ముందు తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది. గోవాలో జరిగే సగం దూరపు పోటీ ఐరన్‌మ్యాన్ 70.3లో 1.9 కిలోమీటర్ల ఈత వెచ్చటి అరేబియా సముద్రంలోనే. బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వి సూర్య 2024 అక్టోబరులో పూర్తిచేసింది ఆ పోటీనే. అలాంటి నీటిలో నిండుగా రబ్బరు తొడిగితే ఒళ్లు ఉడికిపోతుంది. మన సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. అక్కడ ఈతగాళ్లను వేధించేవి ప్రవాహాలు, జెల్లీఫిష్‌లు. చలి బాధ తక్కువ.

ఇంగ్లిష్ ఛానల్‌లో నీరు వేసవిలో కూడా 15 నుంచి 18 డిగ్రీల మధ్యే ఉంటుంది. అయినా అక్కడి సంప్రదాయ నిబంధన ప్రకారం మామూలు ఈత దుస్తులు, ఒక టోపీ, కళ్లద్దాలు మాత్రమే వాడాలి. 1958లో భారతీయ ఈతగాడు మిహిర్ సేన్ దాటింది ఆ చలినే. ఛానల్ కల ఉన్నవారు సూట్‌పై పెట్టే డబ్బును చలికి ఒంటిని అలవాటు చేసే సాధనపై పెట్టడం మేలు.

మిగిలినవారు ముందుగా చూడాల్సింది పోటీ నిబంధనల పుస్తకం. ఐరన్‌మ్యాన్ పోటీల్లో సాధారణ పోటీదారులకు నీరు 24.5 డిగ్రీల దాకా ఉంటే వెట్‌సూట్‌కు అనుమతి ఉంటుంది. అది దాటి 28.8 దాకా తొడుక్కోవచ్చు గానీ బహుమతులకు అర్హత పోతుంది. ఆపైన పూర్తిగా నిషేధం. వరల్డ్ అక్వాటిక్స్ నిర్వహించే ఓపెన్ వాటర్ పోటీల్లో 18 డిగ్రీల లోపు సూట్ తప్పనిసరి, 18 నుంచి 20 మధ్య ఎవరిష్టం వారిది, 20కి చేరితే కుదరదు. ఒక పోటీలో తప్పనిసరైన సూట్ మరో పోటీలో అనర్హతకు దారితీస్తుందన్నమాట. పోటీ జరిగే నెలలో ఆ సరస్సు మామూలుగా ఎన్ని డిగ్రీలుంటుందో తెలుసుకున్నాకే దుకాణం మెట్లెక్కాలి.

సూట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. 1950ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ అమెరికా నౌకాదళ ఈతగాళ్ల కోసం ఈ ఆలోచన చేశారు. ఒళ్లు తడవకుండా చూడటం అవసరం లేదని ఆయన గ్రహించారు. నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్నటి వాయు బుడగలే వేడిని ఆపుతాయి. లోపలికి చేరే పలుచటి నీటి పొర కదలకుండా ఉంటే చాలు, ఒంటి వేడికి అదీ వెచ్చబడుతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. వదులు సూట్‌లో చేయి వేసిన ప్రతిసారీ పాత నీరు పోయి చల్లటి నీరు వస్తుంది. అప్పుడు 5 మిల్లీమీటర్ల మందం ఉన్నా పెద్దగా ఫలితం ఉండదు. అందుకే ముందు కొలత, తర్వాత మందం, ఆ తర్వాతే ధర.

ఈత సూట్లలో ఛాతీ, తొడల దగ్గర రబ్బరు మందంగా, భుజాలు, చేతుల దగ్గర పలుచగా ఉంటుంది. పోటీల్లో మందానికి 5 మిల్లీమీటర్లే గరిష్ఠ పరిమితి. సర్ఫింగ్, డైవింగ్ సూట్లు చూడటానికి ఇలాగే ఉన్నా వాటి పైపొర ఎక్కువగా బట్ట, భుజాలు బిగుతు. వాటితో రెండు కిలోమీటర్లు ఈదితే చేతులు పడిపోతాయి. నునుపైన రబ్బరు పైపొర ఉన్న ఈత సూటే తీసుకోవాలి. 20 డిగ్రీలకు పైన చేతుల్లేని సూట్ చాలామందికి సరిపోతుంది. అంతకు తగ్గితే నిండు చేతులది కావాలి. 15 దిగితే తలకు నియోప్రీన్ టోపీ కూడా తోడవ్వాలి. రబ్బరు కాళ్లను పైకి తేలుస్తుంది కాబట్టి, ఈదేటప్పుడు కాళ్లు కిందికి దిగిపోయేవారికి దానివల్ల లాభం ఎక్కువ.

ఇదంతా కాగితం మీద చదివితే తెలిసేది కొంతే. సైజు పట్టికలు ఎత్తు, బరువు, ఛాతీ కొలత అడుగుతాయి. భుజాల వెడల్పు, పొట్ట, తొడల మధ్య తేడాలు వాటికి పట్టవు. తొడిగేటప్పుడు పాదానికి పలుచటి ప్లాస్టిక్ సంచి చుడితే కాలు సులువుగా జారుతుంది. గోళ్లు తగిలితే రబ్బరు చిరుగుతుంది కనుక వేళ్ల మెత్తటి భాగంతోనే లాగాలి. మడమ నుంచి కొద్దికొద్దిగా పైకి జరుపుతూ ముందు గజ్జల దగ్గర ఖాళీ లేకుండా చూసుకోవాలి. అక్కడ రెండంగుళాలు మిగిలితే ఆ లాగుడంతా భుజాల మీద పడి చేయి పైకి లేవదు. చంకల కింద ముడతలు ఉండకూడదు, నడుము వెనక గాలి సంచిలా ఉబ్బకూడదు. మెడ పట్టీ ఒరుసుకోకుండా తగిన లేపనం రాయాలి. పెట్రోలియం జెల్లీ వద్దని సాధారణంగా తయారీదారులే చెబుతారు. జిప్ వేశాక గొంతు నొక్కినట్టుంటే ఆ సైజు వదిలేయాలి. గట్టు మీద ఓర్చుకోగలిగిన బిగుతు నీటిలో ఊపిరాడనివ్వదు.

ఎంత మంచి సూట్ అయినా చలి కొట్టే మొదటి దెబ్బను పూర్తిగా ఆపలేదు. చల్లటి నీరు చర్మానికి తగలగానే అసంకల్పితంగా ఊపిరి ఎగబీలుస్తాం. ఆపై గుండె వేగం, శ్వాస వేగం పెరుగుతాయి. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ బృందం దశాబ్దాలుగా పరిశోధిస్తున్న విషయమిది. ఆ ఉధృతి మొదటి కొద్ది నిమిషాలదే. మెల్లగా దిగి, కాలరు కాస్త లాగి లోపలికి నీరు రానిచ్చి, శ్వాస కుదుటపడేదాకా తేలి, అప్పుడు ఈత మొదలుపెట్టాలి. ఇది పోటీ రోజు మొదటిసారి చేయాల్సిన పని కాదు.

మరి బెంగళూరు ఈతగాడు దీన్ని ఎక్కడ సాధన చేయాలి? బెళ్లందూరు చెరువు నురగలు కక్కిన ఊరిది. చెరువుల్లో ఈత మాట తలపెట్టలేం. పాడుబడ్డ రాతి క్వారీల్లో కాపలా లేకుండా దిగడం ప్రాణాలతో చెలగాటం. మిగిలింది కొలనే. ఒలింపిక్స్‌కు నిషా మిల్లెట్, శ్రీహరి నటరాజ్, ధినిధి దేసింగు లాంటి వారిని పంపిన నగరానికి కొలనుల కొరత ఉందనలేం.

చేయాల్సిన పని చిన్నదే. ట్రయాథ్లాన్ శిక్షణ ఇచ్చే క్లబ్బులు నాలుగైదు సైజుల్లో, ఆడవారికీ మగవారికీ వేర్వేరుగా, వెట్‌సూట్లు కొని అద్దెకివ్వాలి. మంచి సూట్ ధర పదివేలు దాటి అర లక్ష దాకా పోతుంది. ఏడాదికి ఒకటి రెండు పోటీలకే తొడిగే వస్తువును ఒక్కొక్కరూ విడిగా, అదీ సైజు ఊహించి తెప్పించుకోవడం డబ్బు దండగ. శుభ్రత గురించి సందేహపడేవారు ఉంటారు. వాడిన ప్రతిసారీ మంచినీటితో కడిగి, తిరగేసి నీడన ఆరబెడితే అది పెద్ద ఇబ్బంది కాదు. కొలనుల నిర్వాహకులు డిసెంబరు, జనవరిలో వారానికో ఉదయం ఒక లేన్‌ను వెట్‌సూట్ సాధనకు వదలాలి. నీరు చల్లగా ఉండే ఆ రెండు నెలలే అనువైన కాలం, ఎందుకంటే వెచ్చటి నీటిలో ఎక్కువసేపు సూట్‌తో ఈదితే ఒళ్లు వేడెక్కుతుంది. పక్కన లైఫ్‌గార్డు, గట్టున కోచ్ ఉండాలి. యూరప్ పోటీలు చాలావరకు వేసవిలోనే కాబట్టి, ఈ చలికాలం సరిపోయే సైజు తేల్చుకున్నవారికి సొంత సూట్ తెప్పించుకోవడానికీ అలవాటు పడటానికీ నెలల వ్యవధి దొరుకుతుంది. క్లబ్బులు నవంబరులోగా సూట్లు సిద్ధం చేయాలి, కొలనులు ఆ లేన్ సమయం ప్రకటించాలి.