కడగని రీల్లో ఎవరున్నారో!

పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలో ఓ ఫిల్ము రీలు దొరుకుతుంది. వాడి ఉంటుంది కానీ కడిగించి ఉండరు. గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. అందులో తాతయ్య ఉన్నాడో, అక్క పెళ్లి ఉందో ఎవరికీ గుర్తుండదు. ‘ఇంకేం పనికొస్తుందిలే’ అని పారేయబోతారు. ఆగండి... ఫొటోలు ఇంకా బతికే ఉండొచ్చు!

స్వీడన్‌కు చెందిన ఆంద్రే, స్ట్రిండ్‌బెర్గ్, ఫ్రెంకెల్ 1897లో బెలూన్ ఎక్కి ఉత్తర ధ్రువానికి బయల్దేరారు. మూడోరోజుకే బెలూన్ మంచు మీద దిగిపోయింది. నెలల తరబడి నడిచి ఓ దీవి చేరి, అక్కడే ప్రాణాలు విడిచారు. వాళ్లేమయ్యారో 33 ఏళ్లపాటు ఎవరికీ తెలియలేదు. 1930లో వాళ్ల అవశేషాలతోపాటు ఫిల్ములూ దొరికాయి. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్స్‌బెర్గ్ వాటిని ఓపిగ్గా కడిగితే 240 ఫొటోల్లో 93 దక్కాయి. కూలిన బెలూన్, దాని వంకే చూస్తూ నిలబడిన ఇద్దరు మనుషులు అందులో కనిపించారు.

మన అటక మీద అంత చలి ఎక్కడిది! వేడి, తేమ ఫిల్ముకు పెద్ద శత్రువులు. ఏళ్లు గడిచేకొద్దీ నెగెటివ్ అంతా పొగ కమ్మినట్టవుతుంది. బ్లాక్ అండ్ వైట్ రీలు దీన్ని కాస్త తట్టుకుంటుంది. కలర్ రీల్లో రంగులు చెడిపోతాయి. అందుకే బాగా పాతవాటిని బ్లాక్ అండ్ వైట్ రసాయనాలతోనే కడుగుతుంటారు. కోడాక్రోమ్ రీళ్లకైతే దాదాపు అదొక్కటే దారి. వాటిని రంగుల్లో కడిగే చివరి ల్యాబు అమెరికాలోని కాన్సస్‌లో ఉండేది. అదీ 2010 డిసెంబరు చివర్లో రీళ్లు తీసుకోవడం ఆపేసింది.

ఇంట్లో కడగడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పూర్తి చీకట్లో రీలును ట్యాంకులోకి ఎక్కించి మూతపెట్టాలి. ముందు 20 డిగ్రీల వేడిలో ఉన్న డెవలపర్, ఆ తర్వాత ఫిక్సర్ పోసి, చివర్లో మంచినీళ్లతో కడగాలి. ఇన్‌స్టంట్ కాఫీపొడి, బట్టల సోడా, విటమిన్ సి కలిపినా డెవలపర్ తయారవుతుంది! ఈ పనికి వాడిన గిన్నెలు మళ్లీ వంటకు వాడకూడదు. రసాయనాలు పిల్లలకు అందకుండా చూడాలి.

అయితే, ఒకసారి పాడైన రీలును మళ్లీ కడిగి బాగుచేయలేం. అందుకే పోయినా ఫర్వాలేదనుకునే పాత రీళ్లతో ముందు చేయి తిప్పుకోవాలి. తర్వాత అసలు రీలు నుంచి చీకట్లోనే చిన్న ముక్క కత్తిరించి కడిగి చూడాలి. అప్పటికీ ధైర్యం చాలకపోతే తెలిసినవాళ్ల చేతికివ్వడమే మేలు. ఇన్నేళ్లు ఆగిన తాతయ్య ఇంకో వారం ఆగడా ఏంటి!