కొనుడు, అమ్ముడు.. తెగని తుపాకుల యావ

మనకాడ పోరగాళ్లు ఫోన్లు మార్చినట్టు అమెరికాల కొందరు తుపాకులు మారుస్తరు. ఒకటి కొంటరు, మోజు తీరంగనే అమ్మి ఇంకోటి తెస్తరు. గది వాళ్ల సొంత సరదా అంటే నేనొప్పుకోను. 2017 అంచనా ప్రకారం అక్కడ జనం చేతుల 39 కోట్ల తుపాకులున్నయ్, మనుషుల కంటే ఎక్కువ. 2015 సర్వే ప్రకారం అందుల దాదాపు సగం 3 శాతం వయోజనుల దగ్గర్నే ఉన్నయ్. అంటే గీ యావే కంపెనీలకు గిరాకీ.

షాపుల కొంటే నేరచరిత్ర చూస్తరు. ఒకే రాష్ట్రపోళ్లు ఇద్దరు తమల తాము అమ్ముకుంటే ఫెడరల్ చట్టం గది అడగదు. పాత ఫోన్ మూలకు పడ్తది. పాత తుపాకీ ఎవరి చేతుల పడ్తదో అమ్మినోనికే తెల్వది. మన పిల్లలు సదువుకు పోయేది ఆ దేశానికే.

2019ల మన దేశం ఒక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించింది. యావకు హద్దు ఉండదు, చట్టమే పెట్టాలె.